కార్బొరేటర్ స్క్రూ బిగిస్తే పెట్రోలు ఆదా కాదు

సంపాదకులకు నమస్కారం.

గత నెల మీ ఆదివారం అనుబంధంలో, పాతకాలపు ట్రాక్టర్లను బాగుచేయించుకొని ముచ్చటగా నడుపుకుంటున్న వారి గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. ఫోటోలు బాగున్నాయి, రాసిన తీరు కూడా బాగుంది. అయితే చివర పెట్టెకట్టి ఇచ్చిన చిట్కాలో, పెట్రోలు ట్రాక్టరులో గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటర్ కింద ఉండే స్క్రూను అర చుట్టు బిగిస్తే పెట్రోలు ఆదా అవుతుందనీ, మన ట్రాక్టర్ల డీజిల్ పంపుకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుందనీ రాశారు. ఈ రెండు వాక్యాలలో మొదటిది సగం తప్పు, రెండవది పూర్తిగా తప్పు. రెండింటినీ నమ్మి స్క్రూడ్రైవర్ పట్టుకొనే పాఠకులు ఉంటారు కనుక ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. కొంచెం పొడవైనందుకు మన్నించగలరు.

నేను తెనాలి దగ్గర ఒక ట్రాక్టర్ల వర్క్‌షాపులో 31 సంవత్సరాలు పనిచేసి విరమించినవాడిని. ఆ 31 సంవత్సరాలూ డీజిల్ ఇంజన్లే. ఇప్పుడు సంవత్సరంలో సగం రోజులు అమెరికాలోని ఓహాయో రాష్ట్రంలో, మా అమ్మాయి ఇంట్లో గడుపుతున్నాను. వాళ్లు ఊరి బయట కొనుక్కున్న ఆరెకరాల స్థలంతో పాటు, కొట్టంలో తార్పాలిన్ కింద ఉన్న 1949 నాటి ఫోర్డ్ 8ఎన్ ట్రాక్టరు కూడా వచ్చింది. మా అల్లుడు గారు దానిని పాత ఇనుముకు వేద్దామన్నారు. నేను వద్దన్నాను. ఆ మాట అన్నందుకు తరువాతి రెండు వేసవులు దాని పక్కనే గడిచిపోయాయి.

ఆ ట్రాక్టరు మనకు మరీ పరాయిది కాదు. 8ఎన్‌ను 1947 నుంచి 1952 వరకు తయారుచేశారు, ఆ కొద్దికాలంలోనే ఐదు లక్షలకు పైగా బయటికి వచ్చాయి. దానికి ముందు 1939లో వచ్చిన 9ఎన్ ద్వారానే, ఐర్లండులో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ రూపొందించిన మూడు చేతుల హైడ్రాలిక్ లింకేజి పెద్ద ఎత్తున పొలాలకు చేరింది. ఇవాళ మన ఊళ్లలో ఏ ట్రాక్టరు వెనుక చూసినా కల్టివేటరును ఎత్తి దించేది అదే ఏర్పాటు. ఫోర్డ్‌కూ ఫెర్గూసన్‌కూ మధ్య కాగితం లేదు, చేయి చేయి కలుపుకున్న ఒప్పందమే. అది చెడి, కోర్టుకెక్కి, 1952లో రాజీతో ముగిసింది. ఫెర్గూసన్ సంస్థ 1953లో మాసీ హ్యారిస్ అనే వ్యవసాయ యంత్రాల సంస్థతో కలిసింది. మద్రాసులో 1960లో మొదలైన ట్రాక్టర్ల సంస్థ టాఫే తయారుచేసిన మాసీ ఫెర్గూసన్ బండ్లు ఆ కొమ్మకు కాసినవే. కాబట్టి తార్పాలిన్ తీసినప్పుడు వెనుక భాగమంతా నాకు చుట్టరికం ఉన్నట్లే కనిపించింది. ముందు భాగమే కొత్త. ఆరు వోల్టుల బ్యాటరీ, అదీ పాజిటివ్ ఎర్తు, అంటే ప్లస్ కొనను బండి ఇనుముకు కలిపినది. డీజిల్ పంపు లేదు, నాజిళ్లు లేవు. సుమారు రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను పక్కన, సిలిండర్లకు దారి చూపే మానిఫోల్డు గొట్టం కింద వేలాడుతూ పిడికిలికి కొంచెం పెద్దదైన ఒక పోత ఇనుప కార్బొరేటర్ ఉంది.

ముందుగా మీ రెండవ వాక్యం సంగతి చూద్దాం. డీజిల్ ఇంజనులో లోపలికి వెళ్లే గాలికి అడ్డు లేదు. పీల్చగలిగినంత గాలిని పీల్చుకొని, దానిని గట్టిగా అదిమి వేడెక్కించి, ఆ వేడి గాలిలోకి పంపు కొలిచి పంపిన డీజిలును నాజిల్ ద్వారా చిమ్ముతుంది. గాలినీ ఇంధనాన్నీ ముందే ఒక పాళ్లలో కలిపి పంపే పని అక్కడ లేనే లేదు. పంపు మీద సీలు వేసి ఉండే స్క్రూ మిక్చర్ స్క్రూ కాదు, గరిష్ఠంగా ఎంత డీజిలు పోవాలో నిర్ణయించే స్క్రూ. దానిని పంపు విప్పి, టెస్ట్ బెంచి మీద పెట్టి, ప్రతి సిలిండరుకూ ఎంత పడుతున్నదో గాజు గొట్టాలలో కొలిచి అమర్చాలి. సీలు తెంచి ఒకవైపు తిప్పితే నల్లటి పొగ, వేడి ఎక్కడం మొదలవుతాయి. రెండవవైపు తిప్పితే దమ్ములో బండి లాగదు. సొంతంగా సీలు తెంచుకొని మా షాపుకు వచ్చిన వారిని నేను చాలామందిని చూశాను. వారిలో ఒక్కరికీ డీజిలు ఆదా అయినట్లు నాకు గుర్తు లేదు.

ఇక కార్బొరేటర్. పెట్రోలు చక్కగా మండాలంటే బరువులో ఒక పాలు పెట్రోలుకు దాదాపు పదిహేను పాళ్ల గాలి కలవాలి. పెట్రోలు పాలు ఎక్కువైతే మిక్చర్ చిక్కబడినట్లు, తక్కువైతే పలచబడినట్లు. 8ఎన్ మీద ఉండే మార్వెల్ షెబ్లర్ కార్బొరేటర్‌లో కింది భాగాన ఉన్న సూది స్క్రూ మెయిన్ జెట్టుది, అంటే పెట్రోలు పోయే ముఖ్యమైన సన్నని రంధ్రానిది. మీరు బిగించమన్నది దానినే. బిగిస్తే పెట్రోలు పోయే సందు తగ్గుతుందన్నది నిజమే. అయితే సందు తగ్గినంత మాత్రాన ఖర్చు తగ్గుతుందని ఎందుకు అనుకోకూడదో చెప్పాలంటే, ఆ బండికి ఉన్న గవర్నరు గురించి చెప్పాలి.

మోటారు సైకిలు మీద మిక్చర్ పలచబడితే మన మణికట్టుకే తెలిసిపోతుంది, బండి లాగదు. ట్రాక్టరులో అలా కాదు. డ్రైవరు చేతి లీవరుతో వేగం ఎంత ఉండాలో చెబుతాడు, కార్బొరేటర్ గొంతులోని బటర్‌ఫ్లై తలుపును ఎంత తెరవాలో గవర్నరు చూసుకుంటుంది. మీరు స్క్రూ బిగించగానే ఇంజను బలం తగ్గుతుంది, వేగం పడబోతుంది, గవర్నరు వెంటనే తలుపును ఇంకొంచెం తెరిచి వేగాన్ని మళ్లీ పైకి లాగుతుంది. గడ్డి కోయడానికి ఎంత బలం కావాలో అంత బలమూ పెట్రోలు నుంచే రావాలి కనుక, చివరికి పోయే పెట్రోలు దాదాపు అంతే పోతుంది. డ్రైవరుకు మాత్రం ఏ తేడా తెలియదు, స్క్రూ బిగించినా బండి అదే వేగంతో నడుస్తున్నదని సంతోషిస్తాడు. దట్టమైన గడ్డి ఎదురైనప్పుడు తలుపు పూర్తిగా తెరుచుకున్నా బలం చాలక ఇంజను కూలబడుతుంది, లేదా గవర్నరు తెరుస్తూ మూస్తూ ఉండగా వేగం ఊయలలా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అప్పుడు గవర్నరు పాడైందని దానిని విప్పుతారు. మొదటి వాక్యం సగమే తప్పు అన్నాను కదా, ఆ మిగతా సగం ఇది: స్క్రూ మరీ వదులుగా ఉండి, సైలెన్సరు నుంచి నల్లటి పొగ వస్తూ, స్పార్కు ప్లగ్గుల మీద మెత్తటి మసి పేరుకుంటున్న బండిలో స్క్రూను సరైన చోటికి తెస్తే ఆదా వస్తుంది. సరిగ్గా ఉన్నదానిని బిగిస్తే రాదు.

రాకపోతే పోనీ అనడానికి కూడా లేదు. లోడులో పలచని మిక్చర్ నెమ్మదిగా మండుతుంది. ఎగ్జాస్టు వాల్వు తెరుచుకొనే సమయానికి కూడా మంట పూర్తిగా చల్లారకపోవడంతో ఆ వేడి అంతా వాల్వు అంచు మీద పడుతుంది. ఈ ఇంజనులో వాల్వులు హెడ్డులో కాక బ్లాకులోనే సిలిండరు పక్కన ఉంటాయి, అంచు కాలిన వాల్వును తీయాలంటే మానిఫోల్డు, హెడ్డు రెండూ విప్పాలి. ఒక డబ్బా పెట్రోలు మిగుల్చుకుందామని మొదలుపెట్టిన పని అక్కడికి చేరుతుంది.

మీ చిట్కా రాసినవారు గమనించని చిక్కు మరొకటి ఉంది. ఇదే కార్బొరేటర్ పై భాగంలో ఐడిల్ మిక్చర్‌కు, అంటే లోడు లేక ఇంజను అతి నెమ్మదిగా తిరిగేటప్పటి మిక్చర్‌కు, ఇంకో చిన్న స్క్రూ ఉంటుంది. అది పెట్రోలును కాదు, గాలిని అదుపు చేస్తుంది. అంటే కింది స్క్రూను కుడివైపు బిగిస్తే మిక్చర్ పలచబడుతుంది, పై స్క్రూను కుడివైపు బిగిస్తే చిక్కబడుతుంది. మీరు రాసిన ‘కింద’ అన్న మాట జారిపోయి ‘కార్బొరేటర్ స్క్రూ బిగించండి’ అని మాత్రమే నోటి మాటగా పాకితే, ఒకరు పలచబరుచుకుంటారు, మరొకరు చిక్కబరుచుకుంటారు, ఇద్దరూ పత్రికలో చెప్పినట్లే చేశామంటారు.

ఇతరులకు చెప్పేముందు నా సొంత తప్పులు కూడా చెప్పడం న్యాయం. మొదటి వేసవిలో, మెయిన్ స్క్రూ ఎన్ని చుట్లు తెరిచి ఉందో తెలుసుకుందామని దానిని లోపలికి తిప్పి, నాజిల్ నట్టు బిగించే అలవాటున్న చేత్తో చివర ఒక పట్టు పట్టాను. తరువాత ఎంత తిప్పినా ఇంజను నిలకడగా నడవదు. ఒకచోట పలచన, వెంట్రుకవాసి తిప్పితే చిక్కన, మధ్యలో ఏమీ లేదు. సూదిని బయటికి తీసి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూస్తే, మొనకు కొంచెం పైన చుట్టూ ఒక గాడి కనిపించింది. గోటితో గీస్తే గోరు అందులో ఆగింది. సూది ఆనే మెత్తటి ఇత్తడి సీటు మీద దానిని బలంగా నొక్కినందుకు వచ్చిన గాడి అది. కొత్త సూది, కొత్త జెట్టు వేసేదాకా ఆ బండి దారికి రాలేదు. ఈ స్క్రూలను రెండు వేళ్లతో తిప్పి, అడుగు తగిలిందని వేళ్లకు తెలియగానే ఆపేయాలి.

రెండవ తప్పు ఇంకా పెద్దది. ఇంజను ఇరవై నిమిషాలు బాగానే నడిచి, తరువాత దగ్గుతూ దగ్గుతూ ఆగిపోయేది. పది నిమిషాలు ఆగి స్టార్టు చేస్తే మళ్లీ నడిచేది. కార్బొరేటర్ మీద అనుమానంతో మూడు రోజులు స్క్రూలు తిప్పుతూనే ఉన్నాను. కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు మట్టాన్ని నిలిపే ఫ్లోటు కొలిచాను, గిన్నె కడిగాను. పక్క పొలం రైతు, వయసులో నాకంటే పెద్దాయన, చూసి చూసి నాలుగో రోజు వచ్చి, ఇంటి నుంచి ఒక ఖాళీ సీసా తెమ్మన్నారు. మా అమ్మాయి ఆవకాయ సీసా కడిగి ఇచ్చింది. ఇంజను చల్లబడ్డాక, ఆరుబయట, కార్బొరేటర్ గిన్నె అడుగున ఉన్న మరబిరడా విప్పి, సీసా కింద పెట్టి, ట్యాంకు కుళాయి తెరిచారు. ఈ బండిలో ట్యాంకు ఇంజను పైన ఉంటుంది, పెట్రోలు తన బరువుతోనే కిందికి దిగుతుంది. మొదట ధార చక్కగా వచ్చింది. నిమిషం గడిచేసరికి దారంలా సన్నబడింది, తరువాత బొట్లు బొట్లుగా పడసాగింది. ఆయన ఏమీ అనలేదు, సీసాను పైకెత్తి నాకు చూపించారు. అడుగున కారప్పొడిలా ఎర్రటి తుప్పు. కార్బొరేటర్‌లోకి గొట్టం చేరే మూల దగ్గర ఇత్తడి వంపు గొట్టంలో ఒక చిన్న జాలీ ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిసిన రెండు జాలీలూ కడిగాను, ఆ మూడవది మూసుకుపోయి ఉంది. నేను మూడు రోజులు తిప్పిన స్క్రూలకూ ఆ జబ్బుకూ ఏ సంబంధమూ లేదు. పైగా వాటి అమరిక కూడా చెడగొట్టుకున్నాను.

అందుకే కార్బొరేటర్ స్క్రూ ముట్టుకొనే ముందు చూడవలసినవి చాలా ఉన్నాయని నేను గట్టిగా చెబుతాను. ఇంజను దగ్గుతూ నెమ్మదిగా ఆగితే పెట్రోలు వైపు, స్విచ్ కట్టేసినట్లు ఒక్కసారిగా ఆగితే కరెంటు వైపు చూడాలి. స్పార్కు ప్లగ్గులకు కరెంటు అందించే పాయింట్లు, కండెన్సరు, వేడెక్కితే మొండికేసే కాయిలు, ఇవన్నీ కార్బొరేటర్ జబ్బులా నటిస్తాయి. ఎయిర్ క్లీనరు మన ట్రాక్టర్లలో ఉండే ఆయిల్ బాత్ రకమే, అంటే గాలిలోని దుమ్మును నూనెలో పట్టేది. దానిలో నూనె గుర్తు దాటి పోసినా, బురదలా గట్టిపడినా గాలి అందక మిక్చర్ చిక్కబడుతుంది. చోక్ తీగ తుప్పు పట్టి, బొత్తాం లోపలికి వెళ్లినా తలుపు సగంలోనే ఆగిపోతే కూడా అంతే. కార్బొరేటర్‌కూ మానిఫోల్డుకూ మధ్య గాస్కెట్ పగిలితే దొంగగాలి లాగి ఐడిల్ ఎప్పటికీ కుదరదు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలిన తరువాతనే స్క్రూల వంతు వస్తుంది. చాలా బండ్లలో ఆ వంతు రానే రాదు.

వచ్చినప్పుడు నేను పాటించే పద్ధతి ఇది. కింది మెయిన్ స్క్రూను అడుగు తగిలేదాకా మెల్లగా తిప్పి ఒకటిన్నర చుట్లు, పై ఐడిల్ స్క్రూను అలాగే తిప్పి ఒక చుట్టు తెరుస్తాను. అది ఇంజను స్టార్టు కావడానికి సరిపడే అమరిక మాత్రమే, అదే ఖాయమని పట్టుకొని కూర్చోకూడదు. పదిహేను నిమిషాలు నడిపి, రేడియేటరు బాగా వేడెక్కాక, చేతి లీవరును అతి తక్కువ వేగానికి తెచ్చి, ఐడిల్ వేగం నిమిషానికి దాదాపు 400 చుట్లు ఉండేలా బటర్‌ఫ్లైకి ఆనుకొనే స్క్రూతో సరిచేస్తాను. 1949 బండికి ఆర్‌పీఎం మీటరు లేదు, చెవితోనే అంచనా వేసుకోవాలి. తరువాత ఐడిల్ మిక్చర్ స్క్రూను కొంచెం కొంచెంగా తిప్పుతూ, ఇంజను కుంటడం మొదలయ్యే చోటు ఒకవైపూ, రెండవవైపూ చూసుకొని, ఆ రెండింటి మధ్య మోత నునుపుగా ఉన్నచోట ఆపుతాను. తిప్పిన ప్రతిసారీ పది క్షణాలైనా ఆగాలి, ఎందుకంటే ఇంజను వెంటనే జవాబు చెప్పదు. మెయిన్ స్క్రూను నిలబెట్టిన బండి మీద సరిచేయడం నాకు నచ్చదు. లీవరును ముప్పాతిక దాకా లాగి, గడ్డి కట్టర్ తిరుగుతుండగా లోడులో చూడాలి. మెల్లగా బిగిస్తూ ఇంజను వేగం పడడం వినిపించిన చోటు గుర్తుపెట్టుకొని, మళ్లీ వదులు చేస్తూ బలం పూర్తిగా తిరిగి వచ్చాక చుట్టులో ఎనిమిదో వంతు అదనంగా తెరుస్తాను. ఆపై లీవరును ఒక్కసారిగా లాగి చూస్తాను. తడబడినా, కార్బొరేటర్ గొంతులోనుంచి ‘ఫట్’మని దగ్గినా ఇంకో ఎనిమిదో వంతు. నల్లటి పొగ వస్తే అంతే వెనక్కి. మరునాడు ప్లగ్గులు విప్పితే మొన చుట్టూ లేత గోధుమ రంగు ఉండాలి. సున్నం కొట్టినట్లు తెల్లగా ఉంటే పలచన, కాటుకలా ఉంటే చిక్కన. ఈ కార్బొరేటర్‌లో గాలి కింది నుంచి పైకి పోతుంది కనుక చోక్ ఎక్కువసేపు లాగితే పెట్రోలు కిందికి కారుతుంది. అది లోపం కాదు, కాని ఆ సమయంలో దగ్గర నిప్పు ఉండకూడదు.

ఇంధనం సంగతి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఊళ్లలోని పాఠకులకూ పనికొస్తుంది. ఆ ట్రాక్టరు తయారైన నాటి పెట్రోలులో ఇథనాల్ కలిపేవారు కాదు. ఇక్కడి అమెరికా బంకుల్లో ఇప్పుడు సాధారణంగా పది శాతం, మన దేశంలో ఇరవై శాతం దాకా కలుపుతున్నారు. ఒక పాలు ఇథనాల్ మండడానికి తొమ్మిది పాళ్ల గాలి చాలు. కాబట్టి అదే జెట్టులో, అదే సందులో ఇథనాల్ కలిసిన పెట్రోలు పోస్తే మిక్చర్ తనంతట తానే పలచబడుతుంది. అంటే పాత కార్బొరేటర్ ఉన్నవారు ఈ రోజుల్లో స్క్రూను కొంచెం తెరవవలసి వస్తుంది. మీ చిట్కా సరిగ్గా దానికి వ్యతిరేకం. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. పవర్ స్ప్రేయరు, పెట్రోలు పంపుసెట్టు, గడ్డికోత మిషను సీజను అయిపోగానే మూలన పెట్టేవారు ట్యాంకునూ కార్బొరేటర్ గిన్నెనూ ఖాళీ చేసి పెట్టుకోవడం మంచిది.

ఈ పని తెలిసినవారు మన దగ్గర లేకపోలేదు. ఒకప్పుడు తెనాలిలో స్కూటరు మెకానిక్కులు, యాక్సిలరేటరు రెండుసార్లు రేజ్ చేసి, తల ఒకవైపు వాల్చి, రోడ్డు మీద లారీ పోతున్నా దాని చప్పుడు తీసేసి ఇంజను మోత మాత్రమే వినేవారు. డీజిల్ వాళ్లమైన మేము వాళ్లను కొంచెం చిన్నచూపు చూసిన మాట నిజం. 2020 ఏప్రిల్ నుంచి వాహనాల పొగ కాలుష్యం మీద బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్లలో కార్బొరేటర్ స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, ఆ చెవులకు పని తగ్గిపోయింది. మీ వ్యాసకర్త ఆ చిట్కాను అచ్చుకు పంపేముందు అటువంటి మెకానిక్కు ఒకరికి చదివి వినిపించి ఉంటే, టీ తాగేలోపు తప్పు పట్టేవాడు.

కాబట్టి నా కోరిక చిన్నదే. వ్యవసాయ యంత్రాల గురించి చిట్కా ప్రచురించినప్పుడు అది ఏ ఇంజనుకు, ఏ స్క్రూకు వర్తిస్తుందో తప్పనిసరిగా రాయండి. ప్రస్తుతానికి ఈ క్రింది సవరణ వేయగలరు: ‘పెట్రోలు ట్రాక్టరు కార్బొరేటర్ మెయిన్ స్క్రూను ఆదా కోసం బిగించరాదు, ఇంజను వేడెక్కాక లోడులో తడబడకుండా నడిచేంత తెరిచి ఉంచాలి. డీజిల్ పంపు మీద సీలు వేసిన స్క్రూను టెస్ట్ బెంచి మీద తప్ప తిప్పరాదు.’ ఆ చిట్కా వేసిన చోటనే, అదే పెట్టెలో, అంతే పెద్ద అక్షరాలలో వేస్తే చాలు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ట్రాక్టరు మెకానిక్,
తెనాలి (ప్రస్తుతం ఓహాయో)